హేతువుకు బలం ఎక్కడిది? న్యాయశాస్త్రంలో అనుకూలతర్కం – ఒక చారిత్రక పరిశీలన

నేటి పోటీపరీక్షలలో ఒక ప్రశ్నరూపం తరచుగా కనిపిస్తుంది. కొద్ది వాక్యాలలో ఒక వాదాన్ని ఇచ్చి, కింది అంశాలలో ఏది దానిని ఎక్కువగా బలపరుస్తుందో గుర్తించమంటారు. ఎల్‌శాట్, జీమ్యాట్ వంటి అమెరికా ప్రవేశపరీక్షల ద్వారా ఈ రూపానికి ప్రచారం వచ్చింది. మన దేశంలో 2011 నుంచి సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్ష రెండో పత్రంలో తార్కిక వివేచన ఒక భాగమైంది. అందువల్ల ఇది పూర్తిగా పాశ్చాత్యమైన, ఆధునికమైన అభ్యాసమనే అభిప్రాయం విద్యార్థులలో స్థిరపడింది. కాని, ఒక వాదాన్ని బలపరచడమంటే ఏమిటి, అది వాదాన్ని నిరూపించడం కంటే ఏ విధంగా భిన్నమైనది అన్న ప్రశ్నను భారతీయ న్యాయశాస్త్రం శతాబ్దాల పాటు చర్చించింది. ఆ చర్చలో తర్కమనే భావన పొందిన పరిణామాన్ని గుర్తించి, అది నేటి పరీక్షాప్రశ్నకూ, మన సాహిత్యచరిత్ర పరిశోధనకూ ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాణం కాని సహాయకారి

గౌతముని న్యాయసూత్రాలు పేర్కొన్న పదహారు పదార్థాలలో తర్కం ఎనిమిదవది. దాని వెనుక పంచావయవ వాక్యాన్ని చెప్పే అవయవమూ, దాని తరువాత నిర్ణయమూ ఉన్నాయి. ఈ స్థానం అర్థవంతమైనది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అన్న ఐదు అవయవాలతో వాదం రూపుదిద్దుకుంటుంది. అయినా నిర్ణయం వెంటనే రాదు. మధ్యలో తర్కం నిలుస్తుంది. భాష్యకారుడైన వాత్స్యాయనుడు తర్కం ప్రమాణాలలో చేరదనీ, అది వేరొక ప్రమాణమూ కాదనీ, ప్రమాణాలకు తోడ్పడి తత్త్వజ్ఞానానికి ఉపకరిస్తుందనీ స్పష్టం చేశాడు. అంటే వాదాన్ని సాధించేది హేతువు. ఆ హేతువును నిలబెట్టేది తర్కం. బలపరచడం, నిరూపించడం వేర్వేరు పనులన్న గుర్తింపు ఇక్కడే మొదలైంది.

శంకకు హద్దు

ఈ విభజనకు అసలైన పరీక్ష చార్వాకుల ఆక్షేపణతో ఎదురైంది. పొగను బట్టి నిప్పును ఊహించాలంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి తెలియాలి. మనం చూసినవి కొన్ని చోట్లు మాత్రమే. చూడని చోట, రాబోయే కాలంలో ఆ నియమం తప్పదని ఎలా చెప్పగలం? మన కంటికి కనిపించని ఉపాధి ఏదైనా ఉండవచ్చు కదా?

10, 11 శతాబ్దుల నాటి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడవ స్తబకంలో దీనికి సమాధానం చెప్పాడు. దేశాంతరాలను, కాలాంతరాలను గురించి శంకించాలన్నా అవి ఉన్నాయని ముందు అనుమానం ద్వారానే తెలుసుకోవాలి. కాబట్టి ఆ శంకే అనుమానాన్ని అంగీకరిస్తున్నది. ఇక శంక అనంతంగా సాగదు. వ్యాఘాతం ఎదురైన చోట ఆగుతుంది. ఆ హద్దును చూపేది తర్కం.

12వ శతాబ్దిలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఈ సమాధానాన్నే తిరగవేశాడు. వ్యాఘాతం ఉన్నదంటే దానికి ఆధారమైన శంక కూడా ఉన్నట్లే. వ్యాఘాతం లేదంటే శంకను ఆపేది ఏదీ లేదు. మరి తర్కం హద్దు ఎలా అవుతుంది? తత్త్వచింతామణి కర్త గంగేశోపాధ్యాయుడు ఈ ఎత్తుకు సమాధానాన్ని మాటలలో కాక ఆచరణలో వెదికాడు. పొగ కోసం నిప్పును, తృప్తి కోసం భోజనాన్ని, ఇతరులకు బోధించడానికి మాటను నియమంగా ఆశ్రయించే మనిషి, వాటి మధ్య కార్యకారణ సంబంధాన్ని అదే సమయంలో శంకించలేడు. శంకను ఆపుతున్నది శంకించేవాని ప్రవర్తనే.

ఈ మూడు మెట్ల వాదంలో గమనించవలసిన విషయం ఒకటున్నది. మరిన్ని ఉదాహరణలను పోగుచేసి హేతువును బలపరచాలని ఉదయనుడు గాని గంగేశుడు గాని ప్రయత్నించలేదు. ఏ శంక హేతువును బలహీనపరుస్తున్నదో గుర్తించి, దానిని తొలగించడానికే ప్రయత్నించారు.

అన్నంభట్టు: వజ్రం చెప్పిన పాఠం

ఈ చర్చను బాలబోధకు అందించినవాడు 17వ శతాబ్ది అన్నంభట్టు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడు. కాశికి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడన్న లోకోక్తి ఆయన పాండిత్యానికి దక్కిన గౌరవం. తర్కసంగ్రహానికి ఆయనే రచించిన దీపికలో, పలుమార్లు చూసినంత మాత్రాన వ్యాప్తి తెలుస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. పృథివీ సంబంధమైన వస్తువులు ఇనుముతో గీతపడడం వందలసార్లు చూడవచ్చు. అయినా వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతుంది. కనుక సహచారజ్ఞానం ఒక్కటే చాలదు. వ్యభిచారజ్ఞానం లేకపోవడం కూడా దానికి తోడు కావాలి. వ్యభిచారజ్ఞానం నిశ్చయరూపంలోనో శంకారూపంలోనో ఉంటుంది. అది లేకపోవడం కొన్నిచోట్ల తర్కం వల్ల, కొన్నిచోట్ల స్వతస్సిద్ధంగా కలుగుతుంది.

తర్కసంగ్రహం తర్కాన్ని సంశయ విపర్యయాలతో కలిపి అయథార్థానుభవంలో చేర్చడం పైకి వింతగా కనిపిస్తుంది. నిప్పు లేకపోతే పొగ కూడా ఉండకూడదు అన్నప్పుడు, ఎదుట ఉన్న కొండ మీద లేని స్థితిని ఆరోపిస్తున్నాం. అందువల్ల అది యథార్థం కాదు. అయినా ఆ ఆరోపమే యథార్థజ్ఞానానికి దారిని శుభ్రం చేస్తుంది. ఇటువంటి తోడ్పాటు లేని హేతువును శాస్త్రకారులు అప్రయోజకమన్నారు. వాడుకలో ఎందుకూ కొరగానివాడిని అప్రయోజకుడనడం మనకు అలవాటు. శాస్త్రంలో మాత్రం అది నిలబెట్టే తర్కం లేక సాధ్యాన్ని సాధించలేని హేతువుకు పెట్టిన పేరు.

పరీక్షాప్రశ్నకు అన్వయం

ఒక ఊహాప్రశ్నను తీసుకుందాం. ఒక గ్రామంలో గ్రంథాలయం తెరిచిన తరువాత పదవ తరగతి ఉత్తీర్ణత పెరిగింది. కాబట్టి ఆ పెరుగుదలకు గ్రంథాలయమే కారణమన్నది వాదం. దీనిని బలపరచడానికి మూడు అంశాలు ఇచ్చారనుకుందాం. గ్రంథాలయాలు విద్యకు మేలు చేస్తాయని పెద్దలు నమ్ముతారన్నది మొదటిది. ఆ గ్రంథాలయంలో పుస్తకాలు చాలా ఉన్నాయన్నది రెండవది. అదే ఏడాది అదే సంఖ్యలో కొత్త ఉపాధ్యాయులు వచ్చినా, గ్రంథాలయం లేని పొరుగు గ్రామంలో ఉత్తీర్ణత పెరగలేదన్నది మూడవది.

మొదటిది నిగమనాన్నే వేరే మాటలలో చెబుతున్నది. రెండవది హేతువును వర్ణిస్తున్నది తప్ప సాధ్యంతో దానికున్న సంబంధాన్ని తాకదు. మూడవది మాత్రమే కొత్త ఉపాధ్యాయుల రాక అనే ఉపాధిశంకను తొలగిస్తున్నది. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందన్న తప్పు వ్యాప్తిని నైయాయికులు తడికట్టెలనే ఉపాధిని చూపి ఖండించారు. అక్కడ ఉపాధిని చూపడం వాదాన్ని పడగొట్టింది. ఇక్కడ ఉపాధి లేదని చూపడం వాదాన్ని నిలబెడుతున్నది.

ఈ పోలికకు హద్దులున్నాయి. నైయాయికుల గమ్యం వ్యాప్తినిశ్చయం; పరీక్ష కోరేది వాదానికి కొంత అదనపు సంభావ్యత మాత్రమే. పరీక్షలో ఇచ్చిన అంశాన్ని నిజమని అంగీకరించి ముందుకు సాగాలి. శాస్త్రంలో దాని సత్యాన్ని కూడా స్థాపించాలి. కాబట్టి ఈ రెండూ ఒకటేనని చెప్పడం అతివ్యాప్తి అవుతుంది. శంకను గుర్తించి దానిని తొలగించే పద్ధతి వరకే సామ్యం.

సాహిత్యచరిత్రలో ఒక నిదర్శనం

ఈ పద్ధతి మన పరిశోధనలో కొత్తది కాదు. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనాన్ని రచించిన నన్నియభట్టు, ఆంధ్రమహాభారత కర్త నన్నయ ఒక్కరేనన్న నిర్ణయాన్ని పరిశీలిద్దాం. నామసామ్యం ఒక్కటే హేతువైతే అది అప్రయోజకం. ఒకే పేరు ఇద్దరికి ఉండడం వింత కాదు. ఇద్దరూ ఒకే రాజును ఆశ్రయించారన్నప్పుడు హేతువుకు కొంత బలం చేకూరుతుంది. అయినా ఒకే ఆస్థానంలో ఇద్దరు నన్నయలు ఉండకూడదా అన్న శంక మిగులుతుంది. భారతావతారికలో నన్నయ తనకు తోడ్పడ్డాడని చెప్పిన నారాయణభట్టే నందంపూడి అగ్రహారాన్ని పొందిన ప్రతిగ్రహీత అన్న అంశం ఆ శంకను చాలావరకు తొలగిస్తుంది. కవి, శాసనకర్త వేర్వేరు వ్యక్తులైతే పేరు, రాజు, సహచరుడు మూడూ యాదృచ్ఛికంగా కలిశాయని ఒప్పుకోవలసి వస్తుంది. ఇది అనుకూలతర్కమే. నారాయణభట్టు ప్రస్తావన ఇద్దరూ ఒకరేనని నేరుగా చెప్పదు. భేదశంకను భరించలేనిదిగా చేస్తుంది.

మన సిద్ధాంతవ్యాసాలలో ఒక నిర్ణయాన్ని బలపరచాలన్నప్పుడు అదే అభిప్రాయం చెప్పిన పండితుల పేర్లను వరుసగా పేర్కొనడం రివాజైంది. పది మంది ఒకే హేతువును ఆధారం చేసుకున్నప్పుడు హేతువు పది కాదు, ఒక్కటే. దీపిక చూపిన వజ్రం ముందు వంద ఉదాహరణలు నిలవనట్లే, ఒక్క తీరని శంక ముందు ఆ పేర్ల వరుస నిలవదు. విద్యార్థి పరీక్షలో సరైన అంశాన్ని ఎంచుకోవడానికి, పరిశోధకుడు తన ప్రతిపాదనను రక్షించుకోవడానికి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ హేతువును నమ్మని వివేకి దేనిని శంకిస్తాడు? సమకూర్చిన ఆధారం ఆ శంకను తాకకపోతే, అది ఎంత ఘనమైనదైనా వాదానికి అలంకారమే కాని బలం కాదు.