ఇంజిన్ టైమింగ్ చరిత్ర: గేరు నుంచి బెల్టు దాకా

కారులో టైమింగ్ బెల్టు మార్చడం మెకానిక్ పని కదా, చరిత్ర పాఠంలో దానికి చోటెందుకని మీకు అనిపించవచ్చు. సాంకేతిక చరిత్రలో కొత్త వస్తువును కనిపెట్టినవారి కథ ఒక భాగమే. ఆ వస్తువు వచ్చాక ఎవరి పని ఎలా మారింది, ఎవరి బాధ్యత పెరిగింది అన్నది రెండో భాగం. ఈ రెండో భాగాన్ని అర్థం చేసుకోవడానికి టైమింగ్ బెల్టు మంచి ఉదాహరణ.

మారని నియమం

జర్మనీకి చెందిన నికొలాస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ను రూపొందించాడు. గాలి, ఇంధనాల మిశ్రమాన్ని పీల్చడం, దాన్ని అదమడం, మండించడం, పొగను బయటికి నెట్టడం అనే నాలుగు పనులు పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి. కాబట్టి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా సగం వేగంతో తిరగాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్లలో ఈ 2:1 నిష్పత్తి నేటికీ మారలేదు. మారినదల్లా ఆ చలనాన్ని ఒక షాఫ్ట్ నుంచి మరో షాఫ్ట్‌కు చేరవేసే సాధనం.

తొలినాటి ఇంజిన్లలో క్యామ్ షాఫ్ట్ సాధారణంగా క్రాంక్ షాఫ్ట్‌కు దగ్గరలోనే ఉండేది. రెండు పళ్ల చక్రాలో, ఒక పొట్టి చైనో సరిపోయేవి. క్యామ్ షాఫ్ట్‌ను ఇంజిన్ పైభాగానికి, అంటే హెడ్ మీదికి చేర్చినప్పుడు దూరం పెరిగింది. 1920ల నాటి బెంట్లీ 3 లీటర్ కారులో ఇందుకోసం నిలువు షాఫ్టు, బెవెల్ గేర్లు పెట్టారు. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కె ఇంజిన్‌లో రెండు అంచెల చైను అమర్చారు. ఇవి గట్టివే. కానీ ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, పైగా ఎప్పుడూ ఆయిల్ అందుతూ ఉండాలి.

కుట్టు మిషన్ నుంచి కారుకు

దీనికి పరిష్కారం వేరే రంగం నుంచి వచ్చింది. కుట్టు మిషన్‌లో పైన సూది దిగే క్షణానికి కింద బాబిన్ దగ్గరి కొక్కెం దారాన్ని అందుకోవాలి. నున్నటి బెల్టు జారితే ఆ పొత్తు చెడుతుంది. 1940లలో అమెరికాలో లోపలివైపు పళ్లున్న రబ్బరు బెల్టును ఈ అవసరం కోసమే తయారుచేశారు. పళ్లు చక్రపు గాళ్లలో కూర్చుంటాయి కాబట్టి అది జారదు.

1950లలో అమెరికాలో బిల్ డెవిన్ తన పందెం కార్లలో ఈ బెల్టును వాడాడు. జర్మనీలోని డింగోల్‌ఫింగ్‌లో హాన్స్ గ్లాస్ కంపెనీ 1962లో ఉత్పత్తి మొదలుపెట్టిన గ్లాస్ 1004 కారుతో పళ్ల బెల్టు పెద్ద సంఖ్యలో తయారయ్యే కార్లలోకి ప్రవేశించింది. దాని ఇంజిన్ 992 సి.సి. మాత్రమే. 1966లో అమెరికాలో పాంటియాక్, ఇటలీలో ఫియట్ ఇదే దారి పట్టాయి. చవక, తేలిక, చప్పుడు లేదు, ఆయిల్ అక్కర్లేదు. ఈ నాలుగు గుణాల వల్ల హెడ్ మీది క్యామ్ షాఫ్ట్ చిన్న కార్లకూ అందుబాటులోకి వచ్చింది.

మన దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల పెట్రోల్ ఇంజిన్లలో క్యామ్ షాఫ్ట్ కిందే ఉండేది, చైనుతో తిరిగేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోని 796 సి.సి. ఇంజిన్‌కు మాత్రం టైమింగ్ బెల్టు ఉంది. ఆ కారు ఊరూరా తిరగడంతో గ్యారేజీలు కొత్త పనిని నేర్చుకోవలసి వచ్చింది.

మార్కులు చెప్పే మాట

ఆ పని ఏమిటో చూద్దాం. మొదటి సిలిండరు పిస్టన్‌ను పైకొనకు తెచ్చి, క్రాంక్ చక్రం మీది మార్కును ఇంజిన్ మీది మార్కుకు ఎదురుగా నిలపాలి. అయితే పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొనకు వస్తుంది. ఒకటి అదిమిన తర్వాత, రెండోది పొగను నెట్టిన తర్వాత. ఏది ఏదో క్రాంక్ మార్కు ఒక్కటే చెప్పలేదు. సగం వేగంతో తిరిగే క్యామ్ చక్రం మార్కు రెండు చుట్లకు ఒకసారే కుదురుతుంది కాబట్టి అదే చెబుతుంది. 1876 నాటి నిష్పత్తి ఇక్కడ మీ కళ్లకు కనిపిస్తుంది.

బెల్టు ఒక్క పన్ను పక్కకు పడితే ఏమవుతుంది? క్రాంక్ చక్రానికి 20 పళ్లు ఉన్నాయనుకోండి. 360ని 20తో భాగిస్తే 18 డిగ్రీల తేడా వస్తుంది. ఇంజిన్ నడవవచ్చు, కానీ లాగుడు తగ్గుతుంది. తేడా ఇంకా పెరిగినా, నడుస్తుండగా బెల్టు తెగినా, చాలా ఇంజిన్లలో పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును కొడుతుంది. వాల్వులు వంగుతాయి. అందుకే బెల్టు వేసి, టెన్షనర్ బిగించాక, స్టార్ట్ చేయకముందే క్రాంక్‌ను నిండుగా రెండు చుట్లు చేత్తో తిప్పి మార్కులు మళ్లీ చూడాలి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకుండా ఆపాలి.

చెవి నుంచి పుస్తకానికి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సాగిన చైను, అరిగిన గేరు సాధారణంగా చప్పుడు చేస్తాయి. అనుభవమున్న మెకానిక్ ఆ చప్పుడు విని జబ్బు చెప్పగలడు. బెల్టు అలా కాదు. తెగే ముందు రోజు కూడా నిశ్శబ్దంగానే తిరగవచ్చు. కనుక దాన్ని మార్చే సమయం చెవికి తెలియదు. తయారీదారు చెప్పిన కిలోమీటర్లను, సంవత్సరాలను చూసి, రాసిపెట్టుకున్న లెక్కను బట్టి తెలుసుకోవాలి. గురువు పక్కన నిలబడి నేర్చుకున్న విద్యకు పుస్తకం చదివే అలవాటు తోడు కావలసి వచ్చింది. వాహనం చేతులు మారినప్పుడు ఆ లెక్క కూడా చేతులు మారకపోతే, నష్టం కొన్నవారి మీద పడుతుంది. లోహం మోసిన భారంలో కొంత మనిషి జ్ఞాపకం మీదికి వచ్చిందన్నమాట.

తర్వాతి కాలంలో అనేక కంపెనీలు మళ్లీ చైను వైపు తిరిగాయి. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లు అలాంటివే. కాబట్టి సాంకేతిక చరిత్రను పాతది పోయి కొత్తది వచ్చే తిన్నని బాటగా చదవకండి. ప్రతి ఎంపికలో ఒక సౌకర్యం, ఒక బాధ్యత కలిసే వస్తాయి. సౌకర్యం ఎవరికి దక్కింది, బాధ్యత ఎవరి మీద పడింది అని అడగడం చరిత్ర విద్యార్థిగా మీ పని.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ ఇంట్లో లేదా మీ ఊళ్లో వాడే ఒక యంత్రాన్ని తీసుకోండి. అందులో ఒక భాగం మారినందువల్ల దాన్ని బాగుచేసేవారి పని ఎలా మారిందో పది వాక్యాల్లో రాయండి.