ఆట దగ్గరికొస్తేనే ఆడపిల్ల గడప దాటుతుంది

మొన్న సాయంత్రం చీకటి పడకముందే మా అమ్మాయి నల్లగొండ నుంచి ఇంటికి వచ్చేసింది. మోకాళ్ల నిండా దుమ్ము, మొహం నిండా నవ్వు. "అమ్మా, యూనివర్సిటీ ఖోఖో టీంల తీసుకున్నరు. సౌత్ జోన్‌కు పోవాలె" అంది. మావారు టీవీ గొంతు తగ్గించి, "ఎక్కడ? ఎన్ని రోజులు?" అన్నారు.

ఆ రెండు ప్రశ్నలు నాకు కొత్తవి కావు. 1998లో మా నాయన కూడా ఇవే అడిగాడు.

అప్పుడు నేను మిర్యాలగూడలో బీఏ రెండో సంవత్సరం. నేరేడుచర్ల నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. మా పీడీ సార్ నా పరుగు చూసి, హైదరాబాద్‌లో యూనివర్సిటీ జట్టు ఎంపికలకు పంపుతానన్నారు. ఎంపికైతే అక్కడే క్యాంపు, ఆ తర్వాత ఎక్కడో పోటీలు. మా నాయన అన్నం కలుపుతూనే, "పట్నంల అన్ని రోజులు ఒక్కదానివి ఎట్లుంటవు బిడ్డా? వద్దులే" అన్నాడు. కోపం లేదు, అరుపు లేదు. నా ఆట అక్కడితో ఆగిపోయింది. చాలా ఏళ్లు నాయనదే తప్పు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తుంటే, అందులో దూరం తప్పు కూడా ఉందనిపిస్తోంది.

ఎట్లాగో చెప్తాను. కాలేజీ ఆటల్లో ఒక మెట్ల వరుస ఉంటుంది. ముందు ఒక యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నీ తమలో తాము ఆడతాయి. అక్కడ బాగా ఆడినవాళ్లను ఏరి యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపే జోన్ పోటీలకు పోతుంది. మనది సౌత్ జోన్. అక్కడ ముందున్న జట్లు అఖిల భారత పోటీలకు పోతాయి. అంటే మన కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో దాన్ని బట్టే, మన పిల్ల ఎవరితో పోటీ పడాలో, ఎంత దూరం పోవాలో తేలుతుంది.

నా రోజుల్లో మాది ఉస్మానియా. 1918లో పుట్టిన పెద్ద చెట్టు అది. హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఇన్ని జిల్లాల డిగ్రీ కాలేజీలు దాని నీడలోనే ఉండేవి. ఇంతమందికీ కలిపి అమ్మాయిల ఖోఖో జట్టు ఒక్కటే. ఖోఖోలో మైదానంలోకి దిగేది 9 మంది. పక్కన కూర్చునేవాళ్లను కలిపినా డజను దాటదు. ఆరు జిల్లాల నుంచి ఒక డజను!

తర్వాత గీతలు మారాయి. 2006లో నిజామాబాద్‌కు తెలంగాణ యూనివర్సిటీ, 2007లో నల్లగొండకు ఇప్పటి మహాత్మా గాంధీ యూనివర్సిటీ, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. మా వైపు కాలేజీలు నల్లగొండ కిందికి చేరాయి. అందుకే నా డిగ్రీ సర్టిఫికెట్ మీద ఒక పేరు, మా అమ్మాయి హాల్ టికెట్ మీద ఇంకో పేరు. వందేళ్ల యూనివర్సిటీకి ఉన్న పేరు, మైదానాలు కొత్తదానికి ఒక్కరోజులో రావు, నిజమే. కానీ ఒక్క జట్టున్న చోట ఇన్ని జట్లయ్యాయి. ఎంపికలకు పొద్దున బస్సెక్కిన పిల్ల సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తింటోంది.

ఇదే గీతలు అమెరికాలో ఇంకోలా మారాయని కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. అక్కడ చుట్టుపక్కల రాష్ట్రాల కాలేజీలు ఒక గుంపుగా చేరి ఆడుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. పసిఫిక్ తీరాన 1915 నుంచి ఉన్న గుంపు చివరికి పాక్-12 అయింది. టీవీవాళ్లు ఫుట్‌బాల్‌కు, అంటే వాళ్ల చేతిబంతి ఫుట్‌బాల్‌కు, ఇచ్చే డబ్బు కోసం 12 కాలేజీల్లో 10 విడిపోయి వేరే గుంపుల్లో చేరిపోయాయి. 2024 నుంచి లాస్ ఏంజలస్ కాలేజీలు దేశానికి ఆ చివరన ఉన్న న్యూజెర్సీ కాలేజీతో ఒకే గుంపులో ఆడుతున్నాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ చేరిన గుంపు పేరేమిటో తెలుసా? అట్లాంటిక్ కోస్ట్!

ఫుట్‌బాల్‌వాళ్లు వారానికి ఒక్క ఆట ఆడతారు, సీజన్ మొత్తానికి డజను ఆటలు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఆటలు ఎక్కువ, ప్రయాణాలూ ఎక్కువే. డబ్బు తెచ్చే ఆట ఒకటి, అలసట మోసే ఆటలు వేరు. 2025లో కోర్టు ఒప్పందంతో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలైంది. అదే ఏడాది మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ ఈత, డైవింగ్ జట్లను తీసేసింది. చెప్పిన కారణాల్లో ఆ ఒప్పందం వల్ల పడే భారం ఒకటి. ఇంట్లో ఖర్చు పెరిగితే ముందు ఎవరి పళ్లెంలో కూర తగ్గుతుందో మనకు తెలియనిది కాదు.

మా ఊరికి ఇంకో గీత కూడా పడింది. 2016 అక్టోబర్ 11, దసరా రోజు, కొత్త జిల్లాలు వచ్చాయి. మేం సూర్యాపేట జిల్లా అయ్యాం, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. బస్సెక్కితే గంటలో పోయే ఊరు పరాయి జిల్లా అయింది. అయినా ఆటల వార్తల్లో "ఉమ్మడి నల్లగొండ జిల్లా" అన్న మాట ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కలిసి ఆడిన ఊళ్లను కాగితం మీది గీత అంత తొందరగా విడదీయలేదు మరి.

గీతలు గీసేవాళ్లు పరిపాలన చూస్తారు, డబ్బు చూస్తారు. ఖోఖో లాంటి చిన్న ఆటకు, అందులోనూ ఆడపిల్లలకు, కావలసింది మాత్రం మొదటి మెట్టు ఇంటికి దగ్గరగా ఉండటం. నాకు మొదటి మెట్టే పట్నంలో ఉంది. అందుకే ఎక్కలేకపోయాను. మా అమ్మాయికి కాలేజీ దగ్గర, నల్లగొండ దగ్గర. రెండు మెట్లు ఎక్కాక ఇప్పుడు వచ్చింది దూరం. ఈపాటికి దాని కాళ్లకు ధైర్యం వచ్చింది, మా కళ్లకు అలవాటు వచ్చింది.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌లో మన అమ్మాయిలు నేపాల్‌ను 78-40తో గెలిచారు. ఆ రోజు టీవీ ముందు ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టడం తేలికే. పక్క రాష్ట్రానికి మన పిల్లను పంపడం దగ్గరికొచ్చేసరికి నా గుండె కూడా మా నాయన గుండెలాగే కొట్టుకుంది, అబద్ధం చెప్పను.

రాత్రి మావారు మళ్లీ, "ఏమంటవు?" అని అడిగారు. "టీంతో పాటు మేడం పోతున్నరు, ఫోన్ ఉంటది. పోనీ" అన్నాను. పొద్దున లేచి సకినాలకు బియ్యం నానబోశాను. పన్నెండు మందికి సరిపోయేలా.