సెరెండిపిటీ
పోటీ పరీక్షలకు చదువుతున్న మా మేనకోడలి నోట్సులో ‘సెరెండిపిటీ – అదృష్టం’ అని కనబడింది. అలా రాసుకుంటే మాటలో సగం పోయినట్టే. అదృష్టమంటే అసలు ‘కనబడనిది’. సెరెండిపిటీకి చూసే కళ్లు కావాలి. ఈ మాటకు మూలం శ్రీలంక పాత పేరు. సంస్కృతపు సింహళద్వీపమే అరబ్బుల, పారశీకుల నోట ‘సరందీబ్’ అయింది. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథలో, దారికి ఒకపక్కనే గడ్డి మేసి ఉండటం చూసి, అటు వెళ్లిన ఒంటెకు ఒక కన్ను లేదని వాళ్లు పసిగడతారు. ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్పోల్ 1754 జనవరిలో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ కథ తలుచుకుని ఈ మాట పుట్టించాడు. వెతకనిది ఎదురుపడాలి, దాన్ని పోల్చుకునే తెలివీ ఉండాలి. 1928లో బూజు పట్టిన గాజుపళ్లెంలో పెన్సిలిన్ జాడ పట్టిన ఫ్లెమింగ్‌ది అదే. మన కాకతాళీయంలో కాకి వాలడం, తాటిపండు రాలడం, అంతే. ఘుణాక్షర న్యాయంలో పురుగు తొలిచిన గీత అక్షరమవుతుంది గానీ, ఆ సంగతి పురుగుకు తెలియదు. చదవగలవాడు అటుగా వస్తే అప్పుడది సెరెండిపిటీకి దగ్గరవుతుంది. నోట్సులో ‘అదృష్టం’ కొట్టేయించి, పక్కనే ఒంటె కథ రాయించాను.