పరాయి దేశం ఏది?

2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు సభ్యులు కొందరు వరసపెట్టి పదవులు పోగొట్టుకుంటుంటే, ఆ వార్తలు చదివి నవ్వుకున్నాను. తమకి ఇంకో దేశపు పౌరసత్వం కూడా ఉందని చూసుకోకపోవడమే వాళ్ళు చేసిన తప్పు. సెనేటర్ ఫియోనా నాష్ తండ్రి స్కాట్లండ్ మనిషి. ఆ లెక్కన ఆవిడ బ్రిటిష్ పౌరురాలు కూడా, కాబట్టి సీటు పోయింది.

పరాయి రాజ్యపు పౌరులు సభ్యులుగా ఉండకూడదనేది అక్కడి రాజ్యాంగంలో 44వ సెక్షన్. తమాషా ఏంటంటే, 1901లో అమల్లోకొచ్చిన ఆ రాజ్యాంగాన్ని రాసినవాళ్ళకి బ్రిటన్ పరాయిది కానే కాదు. సిడ్నీలో పుట్టి ఇంగ్లండ్ మొహం చూడనివాళ్ళు కూడా దాన్ని ‘హోమ్’ అనేవారు. మనం తెలుగువాళ్ళం, భారతీయులం కూడా అయినట్టే, వాళ్ళు ఆస్ట్రేలియన్లు, బ్రిటిషర్లు కూడా. రాజ్యాంగంలో ఆస్ట్రేలియా పౌరుడంటే ఎవరో నిర్వచనమే లేదు. మా ప్రోగ్రామర్ల భాషలో, డిక్లేర్ చెయ్యకుండా వాడేసిన వేరియబుల్. చట్టం లెక్కలో అందరూ బ్రిటిష్ ప్రజలే. ‘ఆస్ట్రేలియా పౌరుడు’ చట్టంలోకొచ్చింది 1949 జనవరి 26న.

అయితే ఆ బ్రిటిష్ ప్రజల్లో కృష్ణా జిల్లాలో పుట్టిన మా ముత్తాత కూడా ఉన్నాడు. మరి ఆయన ఓడెక్కి సిడ్నీ వెళ్తే? 1901 నాటి వలస చట్టం కింద, అధికారి ఏదో ఒక యూరోపియన్ భాషలో 50 పదాలు డిక్టేషన్ చెప్పేవాడు. ఆ భాషని ఎంచుకునేది అధికారే. రాయలేకపోతే వెనక్కి పంపెయ్యొచ్చు. తెల్లవాళ్ళు కానివాళ్ళు రాకూడదని చట్టంలో నేరుగా రాయడం లండన్‌కి ఇష్టంలేదు. సామ్రాజ్యపు ప్రజల్ని రంగుని బట్టి వేరుచేస్తున్నట్టు బయటపడిపోతుంది కదా! అందుకే ఈ దొడ్డిదారి. ఇక ఆ నేలలోనే పుట్టిన మూలవాసుల్ని జనాభా లెక్కల్లో కలపకూడదన్న 127వ సెక్షన్ 1967 దాకా ఉంది.

అంటే ‘మనం’ ఎవరో వలసదారులకి బాగానే తెలుసు. చట్టంలో రాయలేదంతే. బ్రిటన్ కూడా పరాయి రాజ్యమేనని అక్కడి హైకోర్టు తేల్చింది 1999లో.

పోయినేడు మెల్‌బోర్న్‌లో మా పిన్ని కొడుకు పౌరసత్వ ప్రమాణం చేశాడు. “అయితే ఇక నువ్వు మాకు పరాయివాడివేరా” అని ఫోన్లో ఏడిపించాను. వాడు నవ్వలేదు. భారత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్యాలి మరి. రెండు దేశాల్నీ నావే అనుకునే వెసులుబాటు ఒకప్పుడు అక్కడి తెల్లవాళ్ళకి అడక్కుండానే దొరికింది. ఏదో ఒకటి తేల్చుకోమని వాళ్ళనెవరూ నిలదీయలేదు.