ఆరు సిలిండర్ల నుంచి రెండింటికి

వేగం పెరగాలంటే ఇంజను పెరగాలన్నది ఎవరికైనా మొదట తట్టే ఆలోచన. భూమి మీద వేగపు రికార్డుల చరిత్ర కూడా చాలావరకు ఆ ఆలోచనకే సాక్ష్యం చెబుతుంది. విమానాలకు అమర్చే ఇంజన్లను తెచ్చి కారులో బిగించినవారి కథలే అందులో ఎక్కువ. అందుకే దానికి ఎదురు దారిలో నడిచిన ఒక మనిషి కథ నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. ఆయన పేరు గోల్డీ గార్డ్నర్. 1939లో 1,100 సీసీ లోపు ఇంజనుతో గంటకు 200 మైళ్లు దాటిన ఈ ఆంగ్లేయుడు, యుద్ధం ముగిశాక అదే కారులో ఇంజనును 750కి, 500కి, చివరకు 350కి తగ్గించుకుంటూ వచ్చి, దిగిన ప్రతి మెట్టు మీదా ఒక అంతర్జాతీయ రికార్డును నిలిపాడు.

ఈ రికార్డులు సీసీని బట్టి తరగతులుగా విభజించినవి. ఎఫ్ తరగతికి 1,500 సీసీ హద్దు, జి తరగతికి 1,100, హెచ్‌కు 750, ఐకి 500, జెకి 350. ఒకే దారిని అటునుంచీ ఇటునుంచీ గంట వ్యవధిలో పరుగెత్తి, రెండింటి సగటు చూపాలి. గాలి తోడ్పాటు, నేల వాలు ఎవరికీ కలిసిరాకూడదన్నది అందులోని న్యాయం.

హద్దు గీస్తే ఇంజన్లు దానికి తగ్గట్టే తయారవుతాయి. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. 2006 బడ్జెట్టులో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించి, పెట్రోలుకు 1,200 సీసీ, డీజిలుకు 1,500 సీసీ, పొడవుకు నాలుగు మీటర్లు అని గీత గీశారు. 1,298 సీసీతో వచ్చిన మారుతి స్విఫ్టు 2010లో 1,197 సీసీకి దిగింది ఆ గీత కోసమే. గార్డ్నర్ ముందున్న గీతలకు సుంకంతో పని లేదు. కొలమానం మాత్రం అదే.

సీసీ అంటే పిస్టను ఒక చివర నుంచి మరో చివరకు కదిలినప్పుడు ఊడ్చిన జాగా. సిలిండరు వెడల్పు బోరు, పిస్టను నడిచే దూరం స్ట్రోకు. ఈ రెండింటి లెక్కను సిలిండర్ల సంఖ్యతో హెచ్చవేస్తే సీసీ వస్తుంది. కనుక తగ్గించడానికి మార్గాలు మూడే. బోరు తగ్గించాలి, లేదా పొట్టి స్ట్రోకు ఇచ్చే క్రాంకు వేయాలి, లేదా కొన్ని సిలిండర్లను పనిలోంచి తప్పించాలి. మా బంటుమిల్లి వైపు కాలువ శివారు ఊళ్లలో ఆయిలింజన్లతో నీరు తోడుకున్న రైతుకు ఇందులో మొదటిది పరాయి విద్య కాదు. సిలిండరు అరిగితే బోరింగు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేయిస్తారు; ఇక బోరింగుకు జాగా లేదనుకున్నప్పుడు స్లీవు కొట్టించి మళ్లీ పాత కొలతకు తెస్తారు. బందరు, గుడివాడ లేతు షెడ్లలో ఆయుష్షు కోసం చేసే పనిని గార్డ్నర్ బృందం రికార్డు కోసం చేసింది.

ఆ కారు ఎం.జి. సంస్థ వారి ఇ.ఎక్స్.135. 1934లో జార్జ్ ఐస్టన్ కోసం తయారయింది. తరువాత గార్డ్నర్ చేతికి వచ్చినప్పుడు రీడ్ రెయిల్టన్ దానికి కొత్త తొడుగు రూపొందించాడు. నేలకు అంటుకున్నట్టు పడుకున్న, గాలిని నొప్పించకుండా తప్పించుకునే ఆకారం. లోపల ఆరు సిలిండర్లు, 57 మిల్లీమీటర్ల బోరు, 71 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 1,087 సీసీ. గాలిని ఒత్తి లోపలికి నెట్టే సూపర్‌ఛార్జరు తోడవడంతో 200కు అటూ ఇటూగా అశ్వశక్తి. గార్డ్నర్ 1890లో పుట్టినవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కాలు దెబ్బతిని కుంటుతూ నడిచేవాడు. 1939 మే నెలాఖరున జర్మనీలోని డెస్సౌ వద్ద ఆటోబాన్ మీద గంటకు 203.5 మైళ్ల వేగం అందుకున్నప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. కిలోమీటరు దూరం పదకొండు సెకన్లలో!

అక్కడే మరో ముచ్చట ఉంది. జి తరగతి రికార్డు చేతికొచ్చాక, ఇంజనును కారులోంచి దింపకుండానే చిన్న బోరింగు యంత్రంతో సిలిండర్లను కాస్త వెడల్పు చేశారు. 1,087 సీసీ 1,106 అయింది. లెక్క వేసి చూడండి, బోరు పెరిగింది కేవలం అర మిల్లీమీటరు. 1,100 హద్దును ఆరు సీసీ దాటినందున కారు ఎఫ్ తరగతిలోకి పోయింది. రెండు రోజుల తేడాతో 204.2 మైళ్లు నమోదయి, 1,500 సీసీ రికార్డు కూడా వారిదే అయింది. ఇది గడుసుతనమా అంటే, నిస్సందేహంగా గడుసుతనమే. కానీ 394 సీసీ తక్కువతో పెద్ద తరగతిని గెలవడాన్ని మోసమనడానికి నాకు నోరు రాదు. ఇరవై ఏళ్ల తరువాత, 1959లో, ఎం.జి. వారే మరో కారు ఇ.ఎక్స్.181ను 1,506 సీసీకి పెంచి, 2,000 సీసీ తరగతిలో ఫిల్ హిల్ చేత 254 మైళ్ల వేగంతో నడిపించారు. పాఠం మరిచిపోలేదన్నమాట.

మూడు నెలలకే యుద్ధం వచ్చింది. ఆటోబాన్ ఇక అందని ద్రాక్ష. 1946లో బెల్జియంలోని జబ్బెక్ వద్ద ఉన్న రహదారి మీద గార్డ్నర్ మళ్లీ కనిపించేసరికి ఆరు సిలిండర్లూ ఉన్నాయి గాని వాటి మొత్తం 750 లోపు. వేగం 159 మైళ్లు. 1947లో ఆరింటిలో రెండు సిలిండర్లను పనిచేయకుండా చేసి 500 తరగతిలోకి దిగారు. 118 మైళ్లు మాత్రమే వచ్చాయి. రికార్డు రికార్డే అయినా ఆ అంకె చూస్తే ఇంజను ఇబ్బంది పడిందని తెలుస్తుంది. ఆరింటి కోసం సమంగా అమర్చిన పేలుళ్ల వరుసలో రెండు తీసేస్తే లయ తప్పుతుంది. దరువులో రెండు దెబ్బలు ఎగిరిపోయినట్టు. 1948లో మార్పు కోసం జాగ్వార్ వారి రెండు లీటర్ల ఇంజను బిగించి 176 మైళ్లు సాధించారు. 1949లో మళ్లీ 500 తరగతికి వచ్చారు. ఈసారి నాలుగు కాదు, మూడే సిలిండర్లు, ఒక్కొక్కటి మునుపటికన్నా పెద్దది. ఆరులో సరైన మూడింటిని ఎంచితే పేలుళ్లు మళ్లీ సమదూరంలో పడతాయి. వేగం 154 మైళ్లు దాటింది. అదే హద్దు, అదే కారు, మనిషి రెండేళ్లు పెద్దవాడయ్యాడు. వేగం మాత్రం ముప్పయ్యారు మైళ్లు పెరిగింది. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి శిఖరం 203 కాదు, ఈ 154. 1950లో రెండే సిలిండర్లతో, 350 లోపు ఇంజనుతో, 120 మైళ్లు.

ఇందులోని లెక్క చదువరులకు ఆసక్తి కలిగించవచ్చు. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. కాబట్టి ఇంజను సగమైతే వేగం సగం కాదు, ఐదో వంతు మాత్రమే తగ్గాలి. 1939 నాటి 203.5ను 1,087 నుంచి 500 సీసీకి ఈ సూత్రంతో దించితే 157 వస్తుంది. 1949లో వచ్చినది 154. రోడ్డు వేరు, ఇంధనం వేరు అయినా లెక్కకు ఇంత దగ్గరగా రావడం ఆశ్చర్యమే. 350 దగ్గర లెక్క 139 అంటుంది, కారు 120 దగ్గరే ఆగింది. ఇంజను బాగా చిన్నదయ్యేసరికి వచ్చిన శక్తిలో ఎక్కువ భాగం గేర్లకు, బేరింగులకు, టైర్లకే ఖర్చయిపోతుంది.

ఇదే సూత్రాన్ని పైకి నడిపితే పెద్ద ఇంజన్ల సంగతి తేలుతుంది. ఇదే రెయిల్టన్ రూపొందించిన మరో కారులో జాన్ కాబ్ 1947లో అమెరికాలోని బోనవిల్ ఉప్పునేల మీద 394 మైళ్ల సగటు సాధించాడు. అందులో రెండు నేపియర్ లయన్ విమాన ఇంజన్లు, దాదాపు 48,000 సీసీ. గార్డ్నర్ ఇంజనుకు 44 రెట్లు. వేగం రెండు రెట్లకన్నా తక్కువ. కాబ్‌ను కించపరచడం నా ఉద్దేశం కాదు, ఆ 394 మైళ్ల ప్రాణభయం ఆయనకే తెలుసు. అయితే జనం కాబ్‌ను తలుచుకున్నంతగా గార్డ్నర్‌ను తలుచుకోకపోవడం మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఒక్క ఇ.ఎక్స్.135తో ఆయన ఆరు తరగతుల రికార్డులు పట్టాడు. ఆ సాహసానికి ఖరీదు కూడా చెల్లించాడు. 1952లో బోనవిల్‌లోనే తలకు దెబ్బ తగిలి విరమించుకున్నాడు, 1958లో కన్నుమూశాడు. కారు ఇప్పటికీ ఇంగ్లండులో గేడన్ వద్ద మ్యూజియంలో ఉంది.

చిన్న ఇంజనుతో పందెం పెట్టవచ్చునన్న ఆలోచన మన దేశంలో ఒక తెలుగు కుటుంబం నుంచే వచ్చిందని చెప్పుకోవాలి. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్, విదేశీ రేసుకార్లు తెప్పించుకోగలిగిన కొద్దిమంది చేతిలోనే ఈ క్రీడ ఉండిపోకూడదని, మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు కార్లు తయారుచేశాడు. అవే మూడు సిలిండర్లు, 796 సీసీ, ఊరూరా మెకానిక్కుకు చేతివాటమైన ఇంజను. తరువాత 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన నరేన్ కార్తికేయన్ తొలి పందేలు ఆ కార్లతోనే. కరివర్ధన్ 1995లో తేలికపాటి విమానం కూలి మరణించాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర మొదలైన పందెపు బాటకు ఆయన పేరే పెట్టి కరి మోటార్ స్పీడ్‌వే అన్నారు.