అట్ట మీద లేని పేరు

1964 డిసెంబర్ 23. లాస్ ఏంజెలెస్ నుంచి హ్యూస్టన్ వెళ్తున్న విమానంలో 22 ఏళ్ళ కుర్రాడు భోరున ఏడుస్తున్నాడు. అతను బ్రయన్ విల్సన్, బీచ్ బాయ్స్ అనే అమెరికన్ రాక్ బృందం పాటలకు ఊపిరి. పని ఒత్తిడికి మనసు చితికిపోయింది. ఇంటికి పంపక తప్పలేదు. కానీ ముందు కచేరీలున్నాయి. తారస్థాయిలో పాడుతూ, అదే సమయంలో బేస్ గిటార్ వాయించే మనిషి ఇంత హడావిడిగా ఎక్కడ దొరుకుతాడు?

కబురు గ్లెన్ క్యాంప్‌బెల్‌కి వెళ్ళింది.

ఆర్కాన్సా రాష్ట్రంలో కౌలు రైతు కొడుకు. పన్నెండు మంది సంతానంలో ఒకడు. నాలుగేళ్ళప్పుడు తండ్రి ఐదు డాలర్లు పెట్టి గిటార్ కొనిచ్చాడు, బాబాయి సరిగమలు దిద్దించాడు. 1960లో లాస్ ఏంజెలెస్ చేరి సెషన్ గిటారిస్టు, అంటే స్టూడియోలో ఇతరుల రికార్డులకు వాయించేవాడు, అయ్యాడు. ఎల్విస్ ప్రెస్లీ 'వివా లాస్ వేగస్'కి వాయించాడు, ఫ్రాంక్ సినాట్రా 'స్ట్రేంజర్స్ ఇన్ ద నైట్'కీ వాయించాడు. ఒక్క 1963లోనే 586 రికార్డింగుల్లో ఉన్నాడంటారు. నొటేషన్ చదవడం రాదు. ఒకసారి వింటే చాలు, వేళ్ళకు వచ్చేసేది. ఇన్ని చేసినా రికార్డు అట్ట మీద పేరుండేది కాదు. అప్పటి పద్ధతే అంత. అది అన్యాయమని ఇప్పటికీ గట్టిగా చెప్పాల్సిందే.

బీచ్ బాయ్స్ రికార్డులకూ వాయించినవాడే కాబట్టి వాళ్ళ పాటలు కొట్టిన పిండి. చిక్కల్లా బేస్‌తోనే. వేళ్ళు కింద ఒక నడక నడవాలి, గొంతు పైన ఇంకో దారి పట్టాలి. పైగా ముందున్న జనం గొంతులు చించుకుని అరుస్తున్నారు. 28 ఏళ్ళ గ్లెన్ విల్సన్ స్థానంలో నిలబడి కొన్ని నెలలు నెట్టుకొచ్చాడు. విల్సన్ ఆ మేలు మరువలేదు. 'గెస్ ఐయామ్ డంబ్' అనే పాట 1965లో గ్లెన్‌తో పాడించి, తనే ప్రొడ్యూస్ చేశాడు. అది ఆడలేదు. గ్లెన్ మళ్ళీ స్టూడియో కుర్చీకే వచ్చాడు. బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌లోనూ అతని గిటార్ ఉంది.

సెషన్ మనిషి పనితనం ఏమిటో 1968లో తెలిసింది. అప్పటికి గ్లెన్ తన పేరుతోనే పాడుతున్నాడు. జిమ్మీ వెబ్ రాసిచ్చిన 'విచిటా లైన్‌మన్'కి మూడో చరణం లేదు. రచయిత దృష్టిలో పాట ఇంకా పూర్తికానట్టే. గ్లెన్ చరణం కోసం ఆగలేదు. సహ వాయిద్యకారిణి కరోల్ కే దగ్గరున్న ఆరు తీగల డానెలెక్ట్రో బేస్ తీసుకుని, చరణం ఉండాల్సిన చోట అదే రాగాన్ని మంద్రంగా మీటాడు. పాట నిండింది. మాటలుంటే ఇంత బాగుండేది కాదని నా నమ్మకం.

2011లో అల్జీమర్స్ ఉందని ప్రపంచానికి చెప్పి, వీడ్కోలు యాత్రకు బయల్దేరాడు. పిల్లలు పక్కన వాయించారు. పాడాల్సిన మాటలు ఎదుటి తెర మీద కనబడితే తప్ప గుర్తొచ్చేవి కావు. గిటార్ చేతికొస్తే మాత్రం వేళ్ళు ఎవరినీ అడిగేవి కావు.

2013 జనవరిలో చివరి పాట రికార్డు చేశారు: 'ఐయామ్ నాట్ గొన్నా మిస్ యూ'. వాయించడానికి వచ్చినవాళ్ళలో అరవైలనాటి స్టూడియో సహచరులున్నారు. 2015లో ఆ పాటకు గ్రామీ వచ్చింది.