2008 మిచిగాన్ వుల్వరీన్స్ ఫుట్‌బాల్ జట్టు

మిచిగాన్ వుల్వరీన్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. 2008లో కొత్త శిక్షకుడు రిచ్ రోడ్రిగెజ్ ఆధ్వర్యంలో ఈ జట్టు 12 ఆటలు ఆడి, మూడింటిలో గెలిచి తొమ్మిదింటిలో ఓడిపోయింది. ఒకే ఏడాదిలో తొమ్మిది ఓటములు ఈ జట్టు చరిత్రలో అంతకు ముందెన్నడూ లేవు. గెలుపుల కంటే ఓటములు ఎక్కువ కావడం 1967 తరువాత అదే మొదటిసారి.

భారతదేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను కోలగా ఉండే బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడతారు.

నేపథ్యం

ఈ జట్టు సొంత మైదానం ఆన్ ఆర్బర్ నగరంలో ఉన్నది. ఇందులో లక్షకు పైగా ప్రేక్షకులు కూర్చోగలరు. 1995 నుండి శిక్షకుడుగా ఉన్న లాయిడ్ కార్ 2007 ఆటల కాలం ముగియగానే పదవీ విరమణ చేశాడు. ఆయన స్థానంలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం నుండి రోడ్రిగెజ్ వచ్చాడు. ఆటగాళ్ళను మైదానమంతటా విస్తరింపజేసి, దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ చేత కూడా పరుగులు తీయించే "స్ప్రెడ్" పద్ధతికి ఆయన ప్రసిద్ధుడు.

కారణాలు

కొత్త పద్ధతికి తగిన ఆటగాళ్ళు జట్టులో లేరు. క్వార్టర్‌బ్యాక్ చాడ్ హెన్నీ, మైక్ హార్ట్, జేక్ లాంగ్ చదువు ముగించి వృత్తి క్రీడకు వెళ్ళిపోయారు. హెన్నీ తరువాత ఆ స్థానంలో ఆడవలసిన ర్యాన్ మాలెట్ ఆర్కాన్సా విశ్వవిద్యాలయానికి మారాడు. అందువలన అనుభవం తక్కువగా ఉన్న స్టీవెన్ థ్రీట్, నిక్ షెరిడాన్‌లపై భారం పడింది.

ఆటల వివరాలు

ఆగష్టు 30న సొంత మైదానంలో జరిగిన తొలి ఆటలో యూటా చేతిలో 25–23 తేడాతో ఓడింది. ఆ ఏడాది యూటా ఒక్క ఆట కూడా ఓడలేదు. సెప్టెంబరు 27న విస్కాన్సిన్‌పై సగం ఆట ముగిసేసరికి 19–0తో వెనుకబడి, చివరకు 27–25తో గెలిచింది. అయితే ఆ తరువాత వరుసగా ఐదు ఆటలు ఓడింది. వీటిలో అక్టోబరు 11న టొలీడో చేతిలో 13–10తో పొందిన ఓటమి అభిమానులకు మింగుడుపడలేదు. టొలీడో సభ్యురాలైన మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్ జట్లపై మిచిగాన్ అంతవరకు ఆడిన 24 ఆటలూ గెలిచింది. నవంబరు 22న చివరి ఆటలో చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ 42–7తో ఓడించింది. ఒహాయో స్టేట్ చేతిలో ఇది వరుసగా ఐదవ ఓటమి.

బాగా ఆడిన జట్లను ఏడాది చివరలో "బౌల్" ఆటలకు ఆహ్వానిస్తారు. 1975 నుండి 33 ఏళ్ళపాటు ఏటా ఈ ఆహ్వానం అందుకున్న మిచిగాన్‌కు 2008లో అది దక్కలేదు.

తరువాతి పరిణామాలు

2009లో జట్టు ఐదు గెలిచి ఏడు ఓడింది. 2010లో ఏడు గెలిచి ఆరు ఓడింది. కొత్త పద్ధతికి సరిపోయిన క్వార్టర్‌బ్యాక్ డెనార్డ్ రాబిన్సన్ 2010లో 1,702 గజాలు పరుగెత్తి, ఆ స్థానంలోని ఆటగాళ్ళలో అప్పటికి జాతీయ రికార్డు నెలకొల్పాడు. దాడి బలపడినా రక్షణ బలహీనంగానే ఉండిపోయింది. 2011 జనవరిలో విశ్వవిద్యాలయం రోడ్రిగెజ్‌ను తొలగించింది. మూడేళ్ళలో ఆయన శిక్షణలో జట్టు 15 ఆటలు గెలిచి 22 ఓడిపోయింది.